2,14,74,83,647 అనే ప్రధాన సంఖ్య: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ సంఖ్యను ప్రత్యేకంగా ఎందుకు చెప్పుకుంటారు?

రెండు వందల పద్నాలుగు కోట్ల డెబ్బై నాలుగు లక్షల ఎనభై మూడు వేల ఆరు వందల నలభై ఏడు అని చదివే ఈ పది అంకెల సంఖ్య, 2³¹ నుంచి ఒకటి తీసేయగా వచ్చినది. ప్రధాన సంఖ్యలను 2, 3, 5, 7 అంటూ వరసగా లెక్కించుకుంటూ పోతే ఇది 10,50,97,565వ స్థానంలో వస్తుంది. ఆ స్థానంలో విశేషమేమీ లేదు. అసలు విశేషం దీని పక్కింటి సంఖ్యలో ఉంది. దీనికి ఒకటి కలిపితే 2 తప్ప మరో ప్రధాన కారణాంకం లేని సంఖ్య, అంటే శుద్ధమైన 2 ఘాతం వస్తుంది. ఇది ప్రధాన సంఖ్య అని చేత్తో నిరూపించగలగడానికీ, దీంతో భాగహారం దాదాపు శ్రమ లేకుండా చేయగలగడానికీ, ఇటీవలి కంప్యూటర్ శాస్త్రం దీన్ని మళ్లీ వెతుక్కుంటూ రావడానికీ ఆ ఒక్క గుణమే మూలం.

మెర్సెన్ ప్రధాన సంఖ్య అంటే ఏమిటి? ఘాతాంకం ప్రధాన సంఖ్య అయితే చాలదా?

2 ఘాతం నుంచి ఒకటి తీసేయగా వచ్చిన ప్రధాన సంఖ్యలను, వాటి జాబితాను 1644లో ప్రకటించిన ఫ్రెంచి సన్యాసి మారిన్ మెర్సెన్ పేరుతో పిలుస్తారు. ఈ వరసలో 3, 7, 31, 127, 8191, 1,31,071, 5,24,287 తర్వాత ఎనిమిదవది మన సంఖ్య.

ఘాతాంకం ప్రధాన సంఖ్య కావడం తప్పనిసరి, కానీ అది ఒక్కటే చాలదు. తప్పనిసరి ఎందుకో ద్విసంఖ్యామానంలో, అంటే 0, 1 అంకెలతోనే రాస్తే కంటికే కనిపిస్తుంది. 2³⁵ − 1ను అలా రాస్తే ముప్పై అయిదు ఒకట్లు వరసగా వస్తాయి. వాటిని అయిదేసి ఒకట్ల గుంపులుగా విడగొట్టవచ్చు కనుక ఆ సంఖ్యను 31 నిశ్శేషంగా భాగిస్తుంది. ఏడేసి గుంపులుగా కూడా విడగొట్టవచ్చు కనుక 127 కూడా భాగిస్తుంది. మన సంఖ్యలో ముప్పై ఒక్క ఒకట్లు ఉన్నాయి, వాటిని సమాన గుంపులుగా విడగొట్టే దారి లేదు. అయినా అంతమాత్రాన అది ప్రధాన సంఖ్య అయిపోదు. 11 ప్రధాన సంఖ్యే అయినా 2¹¹ − 1, అంటే 2047, 23ను 89తో గుణిస్తే వచ్చే సంఖ్య.

ఇది ప్రధాన సంఖ్య అని మొదట ఎవరు చెప్పారు?

చెప్పడం వేరు, నిరూపించడం వేరు. ఈ సంఖ్య చరిత్రలో ఆ రెంటికీ మధ్య ఒకటిన్నర శతాబ్దానికి పైగా దూరం ఉంది. ఇటలీకి చెందిన పియెట్రో కాటాల్డీ 17, 19 ఘాతాంకాలకు నిరూపణ చూపి, ఆ ఊపులో 23, 29, 31, 37 ఘాతాంకాలకు కూడా ప్రధాన సంఖ్యలే వస్తాయని ప్రకటించాడు. వాటిలో 23నూ 37నూ 1640లో ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా కొట్టేశాడు. 2²³ − 1ను 47 భాగిస్తుంది, 2³⁷ − 1ను 223 భాగిస్తుంది. 29ని తర్వాత స్విస్ గణితజ్ఞుడు ఆయిలర్ కొట్టేశాడు. దాన్ని భాగించే సంఖ్యల్లో 233 ఒకటి. మిగిలినది 31 ఒక్కటే. మెర్సెన్ జాబితాలోనూ 31 ఉంది, కానీ ఆ జాబితాలో 67, 257 తప్పుగా చేరాయి, 61, 89, 107 తప్పిపోయాయి. కనుక జాబితాలో ఉండటాన్ని సాక్ష్యంగా తీసుకోలేం. నిరూపణ ఆయిలర్ చేతిలో జరిగింది. 1772 నాటికి ఆయన ఈ సంఖ్యకు కారణాంకాలు లేవని తేల్చి, ఆ సంగతిని తోటి గణితజ్ఞుడు బెర్నూలీకి రాశాడు.

కంప్యూటర్ లేని కాలంలో పది అంకెల సంఖ్యను ఎలా పరీక్షించగలిగారు?

ఈ సంఖ్య గురించి తెలుసుకోదగిన వాటిలో ఇదే అన్నిటికంటే అందమైనదని నా అభిప్రాయం, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ఒక సంఖ్య సంయుక్త సంఖ్య అయితే దాని వర్గమూలాన్ని మించని ప్రధాన కారణాంకం ఒకటైనా ఉండి తీరాలి. 46,340 వర్గం 2,14,73,95,600. 46,341 వర్గం 2,14,74,88,281. మన సంఖ్య ఈ రెంటి మధ్య ఉంది కాబట్టి 46,340 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే సరిపోతుంది. కానీ అవి నాలుగు వేల ఏడు వందలకు పైగా ఉన్నాయి. అన్నిటితో చేత్తో భాగించడం నెలల తరబడి సాగే పని, పైగా ఒక్క చోట పొరపాటు జరిగినా మొత్తం వృథా.

ఇక్కడ సంఖ్య రూపం సాయానికి వస్తుంది. ఏదో ఒక ప్రధాన సంఖ్య 2³¹ − 1ను భాగిస్తోందని అనుకుందాం. అప్పుడు ఆ ప్రధాన సంఖ్యతో 2³¹ను భాగిస్తే శేషం 1 రావాలి. 2 ఘాతాలను దాంతో భాగిస్తూ పోతే వచ్చే శేషాలు ఒక ఆవర్తనంతో తిరిగి తిరిగి వస్తాయి. ఆ ఆవర్తనం 31ని భాగించాలి, 1 కాకూడదు, కాబట్టి సరిగ్గా 31 అవుతుంది. ఫెర్మా సిద్ధాంతం ప్రకారం ఈ ఆవర్తనం ఆ ప్రధాన సంఖ్య కంటే ఒకటి తక్కువైన సంఖ్యను భాగించి తీరాలి. ఆ సంఖ్య సరిసంఖ్య కూడా. కనుక 62 దాన్ని భాగిస్తుంది. అంటే మన సంఖ్యకు కారణాంకం ఏదైనా ఉంటే, అది 62 గుణిజానికి ఒకటి కలిపిన రూపంలోనే ఉండాలి.

రెండో వడపోత ఇంకా సున్నితమైనది. 2³¹ శేషం 1 అయితే 2³² శేషం 2 అవుతుంది. 2³² అనేది 2¹⁶ వర్గం. అంటే ఆ ప్రధాన సంఖ్య తాలూకు శేషాల లెక్కలో 2 ఒక పూర్ణవర్గం. అలా జరగాలంటే ఆ ప్రధాన సంఖ్యను 8తో భాగించినప్పుడు శేషం 1 గానీ 7 గానీ రావాలన్నది తెలిసిన నియమం. రెండు షరతులనూ కలిపితే, 248తో భాగించినప్పుడు శేషం 1 లేదా 63 వచ్చే సంఖ్యలు మాత్రమే మిగులుతాయి.

46,340 లోపల మొదటి రకంవి 186, రెండో రకంవి 187. వాటిలోనూ సంయుక్త సంఖ్యలను తీసేయవచ్చు. 63 పోతుంది. 249ని 3 భాగిస్తుంది, అదీ పోతుంది. 311 ప్రధాన సంఖ్య, నిలుస్తుంది. 497, 559, 745, 807, 993, 1055, 1241 అన్నీ సంయుక్త సంఖ్యలే. ఆ తర్వాత నిలిచేవి 1303, 1489. ఇలా జల్లెడ పట్టగా దాదాపు ఎనభై మాత్రమే మిగులుతాయి. 311తో భాగిస్తే శేషం 35. 1303తో భాగిస్తే శేషం 226. ఈ వరసలో చివరిదాకా ఎక్కడా శేషం సున్నా రాదు. నాలుగు వేలకు పైబడిన భాగహారాలు ఓపికున్న మనిషి కొద్ది రోజుల్లో ముగించగల పనిగా తగ్గిపోయాయి.

ఇప్పుడు దీన్ని పరీక్షించాలంటే ఏ పద్ధతి వాడతారు?

లూకా, లెమర్ పేర్లతో ప్రసిద్ధమైన పరీక్ష. ఎడ్వార్డ్ లూకా పంతొమ్మిదవ శతాబ్దంలో మొదలుపెట్టిన పద్ధతికి డెరిక్ హెన్రీ లెమర్ 1930ల్లో ఇప్పుడున్న సరళ రూపం ఇచ్చాడు. 4తో మొదలుపెట్టాలి. ప్రతి మెట్టులోనూ చేతిలో ఉన్న సంఖ్యను వర్గం చేసి, 2 తీసేసి, పరీక్షించే సంఖ్యతో భాగించి శేషాన్ని ఉంచుకోవాలి. ఘాతాంకం కంటే రెండు తక్కువ మెట్లు పూర్తయ్యేసరికి సున్నా వస్తే ప్రధాన సంఖ్య, రాకపోతే సంయుక్త సంఖ్య.

చిన్న సంఖ్య మీద చేసి చూడవచ్చు. 31కి ఘాతాంకం 5, కాబట్టి మూడు మెట్లు. మొదటి మెట్టులో 14. రెండో మెట్టులో 194. దాన్ని 31తో భాగిస్తే శేషం 8. మూడో మెట్టులో 62, శేషం సున్నా. అదే 2047 విషయంలో తొమ్మిది మెట్లు వేస్తే శేషాలు 14, 194, 788, 701, 119, 1877, 240, 282, 1736 అని వస్తాయి. చివరిది సున్నా కాదు, కాబట్టి 2047 సంయుక్త సంఖ్య. దాని కారణాంకాలేవో చెప్పకుండానే ఈ పరీక్ష తీర్పు ఇస్తుందన్నది గమనించాలి. మన సంఖ్యకు ఇరవై తొమ్మిది మెట్లు చాలు. ఈ పరీక్ష పనిచేయడానికి కారణం మళ్లీ పక్కింటి సంఖ్యే: ఒకటి కలిపితే వచ్చే సంఖ్య కారణాంకాలన్నీ ముందే తెలిసి ఉండటం. 2024 అక్టోబరులో ప్రకటించిన 2 యొక్క 13,62,79,841వ ఘాతం నుంచి ఒకటి తీసేసిన సంఖ్యకు నాలుగు కోట్ల పది లక్షలకు పైగా అంకెలున్నాయి. దాన్ని కూడా చివరికి ధ్రువీకరించింది ఈ పరీక్షే.

దీని నుంచి వచ్చే పరిపూర్ణ సంఖ్య ఏది?

తన కంటే చిన్నవైన తన భాజకాలన్నిటి మొత్తానికి సమానమైన సంఖ్యను పరిపూర్ణ సంఖ్య అంటారు. 6, 28 అలాంటివి. ప్రతి మెర్సెన్ ప్రధాన సంఖ్య ఒక పరిపూర్ణ సంఖ్యను ఇస్తుందని యూక్లిడ్ చూపాడు, సరిసంఖ్యలైన పరిపూర్ణ సంఖ్యలన్నీ అలాగే పుడతాయని ఆయిలర్ చూపాడు. మన సంఖ్యను 2³⁰తో గుణిస్తే వచ్చే 2305843008139952128 ఎనిమిదవ పరిపూర్ణ సంఖ్య. 1 నుంచి 2,14,74,83,647 వరకు ఉన్న సంఖ్యలన్నిటినీ కూడినా ఇదే వస్తుంది.

1811లో ఆంగ్ల గణితజ్ఞుడు పీటర్ బార్లో తన సంఖ్యాశాస్త్ర గ్రంథంలో, ఇలాంటి సంఖ్యలు కుతూహలానికి తప్ప ప్రయోజనానికి పనికిరావు కాబట్టి ఇంతకంటే పెద్ద పరిపూర్ణ సంఖ్యను ఎవరూ వెతకరని భావించాడు. 1876లో లూకా 2¹²⁷ − 1 ప్రధాన సంఖ్య అని చూపాడు, 1883లో ఇవాన్ పెర్వూషిన్ 2⁶¹ − 1 సంగతి తేల్చాడు. ప్రయోజనం లేనిచోట మనిషి ఆగిపోతాడన్న అంచనా గణితం విషయంలో ఎప్పుడూ నిలవలేదు.

దీన్ని రెండు వర్గాల మొత్తంగా రాయవచ్చా?

రాయలేం. 4తో భాగిస్తే శేషం 3 వచ్చే ఏ సంఖ్యనూ రెండు వర్గాల మొత్తంగా రాయలేం. అంతే కాదు, 8తో భాగిస్తే దీనికి శేషం 7 వస్తుంది కాబట్టి మూడు వర్గాలతో కూడా కుదరదు. నాలుగు వర్గాలు కావలసిందే.

ఈ సంఖ్యతో భాగించి శేషం కనుక్కోవడం సులువని అంటారు, ఎలా?

2³¹ను ఈ సంఖ్యతో భాగిస్తే శేషం 1. కాబట్టి ఎంత పెద్ద సంఖ్యనైనా ద్విసంఖ్యామానంలో రాసి, కుడివైపు నుంచి ముప్పై ఒక్క స్థానాలను వేరుచేసి, ఎడమవైపు మిగిలిన భాగాన్ని దానికి కూడుతూ, మొత్తం ఇంకా పెద్దదైతే మళ్లీ అలాగే చేస్తూ పోతే చాలు. పైన వచ్చిన 46,341 వర్గాన్నే తీసుకుందాం. 2,14,74,88,281లో 2³¹ ఒకసారి పోగా 4633 మిగులుతుంది. ఆ ఒకటినీ 4633నూ కూడితే 4634. తీసివేత చేసి చూసుకున్నా అదే శేషం. కంప్యూటర్‌కు భాగహారం ఖరీదైన పని, కూడిక చవకైన పని, కనుక ఇది చిన్న వెసులుబాటు కాదు.

ఇక 2తో గుణించడం ఇంకా తేలిక. ఎడమ చివర ఉన్న బిట్ (0 లేదా 1 అంకె) కుడి చివరకు వచ్చి చేరుతుంది, మిగిలినవన్నీ ఒక స్థానం జరుగుతాయి. ముప్పై ఒక్క సార్లు అలా తిప్పితే మొదటికి వస్తాం.

వర్గమూలాల విషయంలోనూ ఇంతే సౌలభ్యం. 4తో భాగిస్తే శేషం 3 వచ్చే ప్రధాన సంఖ్యల శేషాల లెక్కలో, పూర్ణవర్గమైన సంఖ్యకు వర్గమూలం కావాలంటే, ఆ ప్రధాన సంఖ్యకు ఒకటి కలిపి 4తో భాగించగా వచ్చే ఘాతానికి దాన్ని హెచ్చించాలి. ఇక్కడ ఆ ఘాతాంకం 2²⁹. అంటే వరసగా ఇరవై తొమ్మిది సార్లు వర్గం చేస్తే వర్గమూలం చేతికి వస్తుంది. 2కు ఇలా చేస్తే 65,536 వస్తుంది. సరిచూడటానికి దాన్ని వర్గం చేస్తే 2³², దాని శేషం 2.

యాదృచ్ఛిక సంఖ్యల తయారీలో ఇది ఎందుకు కనిపిస్తుంది?

ఇప్పటిదాకా ఒకటి కలిపాం, ఇప్పుడు ఒకటి తీసేద్దాం. 2,14,74,83,646ను కారణాంకాలుగా విడగొడితే 2, 3, 3, 7, 11, 31, 151, 331 వస్తాయి. ఈ ప్రధాన సంఖ్య శేషాల లెక్కలో 7కు ఒక సామర్థ్యం ఉంది: 7 ఘాతాలు వరసగా వేస్తూ పోతే 1 నుంచి 2,14,74,83,646 వరకు ఉన్న ప్రతి శేషమూ సరిగ్గా ఒక్కసారి వచ్చాకే మళ్లీ 1 వస్తుంది. 2కు ఆ శక్తి లేదు, అది ముప్పై ఒక్క అడుగులకే తిరిగి వస్తుంది. 7 యొక్క అయిదో ఘాతం 16,807. పై కారణాంకాల జాబితాలో 5 లేదు కాబట్టి 16,807 కూడా అన్ని శేషాలనూ తాకుతుంది.

లెమర్ ప్రతిపాదించిన పద్ధతి ఈ గుణాన్నే వాడుకుంటుంది. 1తో మొదలుపెట్టి ప్రతిసారీ 16,807తో గుణించి శేషం తీసుకుంటే 16807, 282475249, 1622650073, 984943658 అంటూ చూడటానికి పొంతన లేని సంఖ్యలు వస్తాయి. 1988లో స్టీఫెన్ పార్క్, కీత్ మిల్లర్ దీన్ని కనీస ప్రమాణంగా సూచించినప్పుడు, అమలు సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి ఒక గుర్తు కూడా ఇచ్చారు: పదివేల మెట్ల తర్వాత 1043618065 రావాలి. నేటి భారీ గణనలకు ఈ ఆవర్తనం చాలదు, రహస్యం కాపాడే పనులకు ఇది ఏమాత్రం తగదు. అయినా సూత్రం ఎలా పనిచేస్తుందో నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

కంప్యూటర్‌లో పూర్ణాంకాల హద్దుగా ఇదే సంఖ్య ఉండటానికి ప్రధాన సంఖ్య కావడం కారణమా?

కాదు. 32 బిట్లలో ఒకటి ధన, రుణ గుర్తుకు పోతే 31 మిగులుతాయి, వాటిలో పట్టే అతి పెద్ద సంఖ్య ఇది. 1970 ఆరంభం నుంచి సెకన్లు లెక్కించే వ్యవస్థల్లో ఆ హద్దు 2038 జనవరి 19న వస్తుంది. అది ప్రధాన సంఖ్య కావడం ఇక్కడ యాదృచ్ఛికం. 16 బిట్లలో వచ్చే 32,767ను 7, 31, 151 భాగిస్తాయి. 64 బిట్లలో వచ్చే 2⁶³ − 1ను కూడా 7 భాగిస్తుంది.

ఇటీవల దీని మీద మళ్లీ ఆసక్తి పెరగడానికి కారణం ఏమిటి?

ఒక గణన సరిగ్గా జరిగిందని, ఆ గణనంతా తిరిగి చేయకుండానే ఒప్పించే నిరూపణ పద్ధతులు ఉన్నాయి. వాటికి వేగంగా లెక్కించడానికి అనువైన ప్రధాన సంఖ్య కావాలి. దాంతో పాటు, సగానికి సగం చేస్తూ విడగొట్టుకుంటూ పోవడానికి 2 ఘాతమంత పరిమాణం గల శేషాల సమూహం కూడా కావాలి. మామూలుగా ఆ సమూహాన్ని ప్రధాన సంఖ్య నుంచి ఒకటి తీసేసిన సంఖ్యలో వెతుకుతారు. మన సంఖ్యకు అక్కడ 2 ఒక్కసారే ఉంది, కాబట్టి ఎంత వేగంగా లెక్కించగలిగినా ఇది చాలాకాలం పక్కన ఉండిపోయింది.

2024లో వెలువడిన పరిశోధన ఈ చిక్కును వృత్తంతో విప్పింది. రెండు శేషాల వర్గాల మొత్తం 1 అయ్యే జతలను శేషాల లెక్కలో వృత్తం మీది బిందువులు అనుకుందాం. 4తో భాగిస్తే శేషం 3 వచ్చే ప్రధాన సంఖ్యకు అలాంటి బిందువుల సంఖ్య, ఆ ప్రధాన సంఖ్య కంటే సరిగ్గా ఒకటి ఎక్కువ. 7తో చేసి చూడండి: (0, 1), (0, 6), (1, 0), (6, 0), (2, 2), (2, 5), (5, 2), (5, 5). మొత్తం ఎనిమిది. మన సంఖ్యకు ఆ బిందువులు సరిగ్గా 2³¹. కోణాలను కూడినట్టే ఈ బిందువులనూ కూడవచ్చు, కనుక సగాలుగా విడగొట్టే పని ఇక్కడ ఆసాంతం సాగుతుంది. ఆయిలర్ కాలం నాటి సంఖ్య ఇలా కొత్త పనికి కుదురుకుంది.

దీనికి కవల ప్రధాన సంఖ్య, అంటే రెండు తేడాతో ఉండే ప్రధాన సంఖ్య ఉందా? రెట్టింపు చేసి ఒకటి కలిపితే ప్రధాన సంఖ్య వస్తుందా?

రెంటికీ జవాబు లేదనే. రెండు తక్కువైన సంఖ్య 5తో ముగుస్తుంది; రెండు ఎక్కువైన సంఖ్యను 3 భాగిస్తుంది. దీనికి ముందున్న ప్రధాన సంఖ్య 2,14,74,83,629, తర్వాతది 2,14,74,83,659. రెట్టింపు చేసి ఒకటి కలిపితే 2³² − 1 వస్తుంది. దాని కారణాంకాలు 3, 5, 17, 257, 65,537.

రహస్య సంకేతాలకు ఈ సంఖ్యను వాడవచ్చా?

రెండు ప్రధాన సంఖ్యల లబ్ధం మీద ఆధారపడే సంకేత పద్ధతుల్లో ఒక్కో ప్రధాన సంఖ్య మూడు వందల అంకెలకు పైగా ఉంటుంది, ఎవరికీ తెలియకుండా ఉంటుంది. పది అంకెల సంఖ్య, అందులోనూ అందరికీ తెలిసినది, ఆ పనికి రాదు.

ఈ సంఖ్యనే ఘాతాంకంగా తీసుకుంటే మరో మెర్సెన్ ప్రధాన సంఖ్య వస్తుందా?

ఈ ప్రశ్న సహజంగానే పుడుతుంది, ఎందుకంటే మన సంఖ్య పుట్టినది అలాగే. 5 ఘాతాంకంగా 31 వచ్చింది, 31 ఘాతాంకంగా ఇది వచ్చింది. 2, 3, 7 ఘాతాంకాలుగా వచ్చిన 3, 7, 127 కూడా తిరిగి ఘాతాంకాలై ప్రధాన సంఖ్యలనే ఇచ్చాయి. కానీ గొలుసు ఎప్పుడూ నిలవదు. 13 ఘాతాంకంగా వచ్చిన 8191 ప్రధాన సంఖ్యే, అయినా 2⁸¹⁹¹ − 1 సంయుక్త సంఖ్య.

మన సంఖ్యను ఘాతాంకంగా పెడితే వచ్చే సంఖ్యకు 64 కోట్లకు పైగా అంకెలుంటాయి. అంత పెద్ద సంఖ్య కూడా 1983లో చిక్కింది: 295257526626031 దాన్ని నిశ్శేషంగా భాగిస్తుంది. ఆయిలర్ వాడిన వడపోత ఇక్కడ కూడా అక్షరాలా వర్తిస్తుందని పాఠకులే సరిచూసుకోవచ్చు. ఈ కారణాంకం నుంచి ఒకటి తీసేసి 2,14,74,83,647కు రెట్టింపైన 4,29,49,67,294తో భాగిస్తే సరిగ్గా 68,745 వస్తుంది, శేషం ఉండదు. 8తో భాగిస్తే శేషం 7. ఇదే వరసలో తర్వాతిదైన 2⁶¹ − 1ను ఘాతాంకంగా పెడితే వచ్చే సంఖ్య పరిమాణానికి ఏ నేరు పరీక్షా అందదు కాబట్టి, అక్కడ కూడా చేయగలిగింది ఈ రెండు షరతులకూ నిలిచే కారణాంకాలను ఒక్కొక్కటిగా వెతకడమే.